కళాయి సర్వ

గుర్రం తీరిగ్గా గడ్డి నములుతోంది. వైకుంఠం ఇంటి వాకిట్లో అడుగు పెడుతూనే పురుషోత్తం చూసింది అదే. పోలీసు టాంగా, దాని ముందు పచ్చగడ్డి మోపు. బేరం కుదిరిందని నమ్మినవాడే గుర్రానికి గడ్డి వేయిస్తాడు. కుదరని వాడికి అంత నింపాది ఉండదు. అంటే ఠాణా నుంచి వచ్చిన పోలీసు అధికారి, అమీన్ ఖుద్రతుల్లా, బావకు విషం పెట్టిందని ఈ రోజు వైకుంఠం మరదలు సుశీలను వెంటబెట్టుకునే పోతాడు.

లోపల ముందు గదిలో వైకుంఠం మంచం మీద ఉన్నాడు. కుడికాలు దిండు మీద. పాదం మీద దుప్పటి లేదు, అంచు తగిలినా అరుస్తాడు. బొటనవేలి మొదలు వంకాయ రంగులో ఉబ్బి ఉంది. ముఖం మాత్రం సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. ఒకే మనిషిలో కాలు ఒక రంగు, ముఖం ఒక రంగు. పురుషోత్తానికి వారం నుంచి లెక్క కుదరనిది అక్కడే.

"వచ్చినవా సేఠ్," అన్నాడు అమీన్ కుర్చీలోంచి లేవకుండానే. "నీ కోసమే ఆగిన. చెప్పకుండ ఎత్కపోయిండని రేపు బజారుల లొల్లి చెయ్యొద్దు మల్ల."

"గిరాకీ రాకముందే తూకం వేసి పెట్టుకున్నరు సాబ్. మంచిదే. తూకం ఒకసారి నేను గూడ చూస్త."

పురుషోత్తం ఒకప్పుడు ఇత్తడి, రాగి సామాన్ల వ్యాపారి. యుద్ధం వచ్చి ఇత్తడంతా తూటాలకు పోయాక దుకాణానికి తాళం వేశాడు. ఆ పైగదిలోనే ఒంటరిగా ఉంటాడు. ఒక పొయ్యి, ఒక గిన్నె, ఒక మంచం. వ్యాపారులకు సరుకు మాయమైనా, భాగస్తుడు మోసం చేసినా ఇప్పుడు అతనికే కబురు. వైకుంఠం అతనికి పాత పరిచయం. చాయ్‌పత్త, చింతపండు టోకుగా అమ్ముతాడు. లాల్ దర్వాజా గల్లీలో ఈ ఇల్లు తాతలనాటిది. భార్య పోయింది, తమ్ముడూ పోయాడు, కూతురు వరంగల్‌లో కాపురం. మిగిలింది ఇద్దరు: తను, తమ్ముని భార్య సుశీల.

"నాకు నా ఇంటి అన్నమే భయమైతుంది భాయ్," అన్నాడు వైకుంఠం, పోలీసులు వినకుండా గొంతు తగ్గించి. "అమీన్‌కు చెప్పింది నేనే. చెప్పిన కాడికెల్లి నిద్ర లేదు. ఆమె కాకుంటే? ఆమె ఏం చెయ్యకుంటే?"

"అందుకే గద నన్ను పిలిచినవ్."

"తొమ్మిదేండ్లు వండిపెట్టింది. ముఖం గూడ సరిగ చూసి ఎరుగ."

అది అబద్ధం కాదు. తమ్ముని భార్య బావ ఎదుట నిలబడదు, ఎదురుగా మాట్లాడదు. అన్నం పళ్ళెం గడప ఇవతల పెట్టి తలుపు చాటుకు పోతుంది. అతను గచ్చు మీద ఒక్కడే కూర్చుని తింటాడు. అతను చేయి కడుక్కున్నాక ఆమె వచ్చి పళ్ళెం తీస్తుంది. ఒక కప్పు కింద ఇద్దరు మనుషులు, మధ్య ఒక తలుపు.

అమీన్ గొంతు సవరించుకున్నాడు. "నా తూకం విను. వైకుంఠం సేఠ్ శివరాత్రికి బిడ్డ దగ్గరికి వరంగల్ పోయి నెల దినాలున్నడు. కడుపునొప్పి లేదు, ముఖం మీదికి రంగొచ్చింది. ఇంటికి తిరిగొచ్చిండు. ఉగాది దాటకముందే కడుపు మెలిపెట్టింది, వేలు వాచింది. ఇంట్ల వండేది ఒక్కతే. దసరాకు ఆస్తిల మొగని పాలు పంచుమని సేఠ్ కూతురుతోని అడిగిపిచ్చింది. సేఠ్ కాదన్నడు. ఇగ ఇంకేం గావాలె?"

"విషం పేరు గావాలె."

"పాషాణం."

"లేదని డాక్టర్ విశ్వేశ్వర్ రాసిచ్చిండు."

"గట్లయితే ఇంకోటి."

"ఇంకోటి అన్న పేరుతోని సరుకు అమ్మితే ఎవలు కొంటరు సాబ్?"

అమీన్ నవ్వలేదు. "నువ్వు రాగి చెంబులు అమ్మినోనివి. నేను ఇరవై ఏండ్లు దొంగలను పట్టినోన్ని. ఏ ఇంట్లనైనా ఇద్దరుంటే, ఒకరు చస్తుంటే, రెండోవాళ్ళే చేసిన్రు. ఇది నా అనుభవం."

"ఒక్కటి చెప్పాలె మీకు. ఇది పాషాణం కాదు, సీసం."

 పురుషోత్తం ఆ పొద్దున శాలిబండలో డాక్టర్ దగ్గర కూర్చుని విన్నది చెప్పాడు. చెబుతుంటే ఆ సంభాషణ మళ్ళీ చెవిలో మోగింది.

"గౌటు అంటే ఏమనుకుంటున్నరు?" అని అడిగాడు డాక్టర్.

"మాంసం, మందు మరిగిన నవాబులకు వచ్చేది."

"అదొక్కటే కాదు. ఒంట్ల రోజూ యూరిక్ యాసిడ్ అని ఒక చెత్త పుడుతది. మూత్రపిండాలు దాన్ని బయటికి తోస్తయి. తోయలేకపోతే రక్తంల పేరుకుంటది. పేరుకున్నది సన్నని సూదుల లెక్క గట్టిపడి కీళ్ళల్ల దిగుతది, ముందు బొటనవేలికాడ. వైకుంఠం గారి రక్తంల అది ఉండాల్సిన దానికి రెండింతలుంది. రక్తమేమో ఉండాల్సిన దాంట్ల సగం."

పురుషోత్తానికి వెంటనే తన వ్యాపారమే తట్టింది. గోదాములో పాత సరుకు కప్పుదాకా పేరుకుంది. దుకాణంలో అరలేమో ఖాళీ. వెనక వాకిలి నుంచి పోవలసింది పోవడం లేదు. ముందు వాకిలి నుంచి రావలసింది రావడం లేదు.

"ఈ రెండు జబ్బులు కలిసి వస్తయా?"

"వస్తయి. గౌటు ముదిరి, ఏండ్లకు ఏండ్లు మూత్రపిండాలు పాడైతే రక్తం గూడ పడిపోతది. కాని ఈయనకు వేలు వాచుడు మొదలైంది పోయిన కార్తీకంల. ఇంత జల్దీ రక్తం సగానికి దిగదు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసిన. ఎర్ర కణాలల్ల నీలి చుక్కలున్నయి. నా అనుమానం సీసం. సీసం మూత్రపిండాల దారి మూస్తది, ఎముకలల్ల రక్తం తయారయ్యే పనిని ఆపుతది. కడుపు మెలిపెట్టేది గూడ అదే."

"అంటే రెండు వాకిళ్ళ కాడ ఒక్కటే చెయ్యి."

"అట్లనే అనుకోండి. కాని ఆ చుక్కలు వేరే జబ్బులల్ల గూడ కనబడొచ్చు. చిగుళ్ళ అంచున నీలి గీత దొరికితే ఇంక గట్టిగ చెప్పొచ్చు. ఆయన నోట్ల ఒక్క పన్ను లేదు. పన్ను లేని చిగుళ్ళ మీద ఆ గీత పడదు."

లేచి వస్తుంటే డాక్టర్ మరొక మాట అన్నాడు. "ఇంట్ల ఇంకెవరన్న ఉన్నరా? ఉంటే పంపించండి. ఆడవాళ్ళయితే వేలు వాయలేదు గదా అని ఊరుకోవద్దు. నెలసరి నడిచినన్నాళ్ళు ఆడవాళ్ళకు గౌటు దాదాపు రాదు. రక్తం మాత్రం అందరికీ తగ్గుతది."

ఇదంతా విన్నాక అమీన్ ముఖం వాడలేదు, వెలిగింది. "సీసమైతే మరీ మంచిదాయె! సింధూరం సీసంతోనే చేస్తరు. దేవుని అర్రల డబ్బీ ఉంది. నేనే చూసిన."

"డబ్బీ ఎంత నిండుగుంది?"

"అంచుదాక."

"నెలలకు నెలలు తినిపిచ్చిన సరుకు డబ్బీల అంచుదాక ఎట్లుంటది సాబ్? తరుగు ఏది?"

అమీన్ మీసం సవరించుకున్నాడు. "కొత్తది కొన్నదేమో."

"గడప దాటని మనిషి. కొనాలంటే ఎవరినో ఒకరిని పంపాలె. అడుగుండ్రి, గల్లీ అంతా మీ చేతుల్నే ఉంది." అని, ఆ మాటకు జవాబు రాకముందే పురుషోత్తం వంటింటి వైపు నడిచాడు.

వంటింట్లో ఆమె లేదు. వెనక సామాన్ల కొట్టు తలుపు చాటున తెల్లచీర అంచు కనబడింది. అతను తలుపుతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"సుశీలమ్మా, నేను పురుషోత్తంను. నీ బావ దోస్తును. నాలుగు మాటలు అడుగుత. పులుసు దేంట్ల వండుతవ్?"

"కుండల." గొంతు చాలా సన్నగా వచ్చింది.

"కుండల్నే ఉంచుతవా?"

"లేదన్నా. పొద్దున వండంగనే సర్వలకు ఒంపుత. అక్కది."

అక్క అంటే వైకుంఠం భార్య. రాగి సర్వ ఒకటి పొయ్యిగట్టు మీద బోర్లించి ఉంది. భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్నదట. ఆమె పోయాక వైకుంఠం పులుసు దాంట్లోంచే కావాలన్నాడు. ఇంకెవరూ ముట్టకూడదన్నాడు. పొద్దున వండిన పులుసు పగలంతా అందులోనే ఉంటుంది. మధ్యాహ్నం ఇంత, రాత్రి ఇంత, అతను తింటాడు.

పురుషోత్తం సర్వను కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. పైన రాగి ఎర్రగా నిగనిగలాడుతోంది. లోపల కళాయి, తగరం పూత. అంచు దగ్గర తెల్లగా మెరుస్తోంది కాని, పులుసు నిలిచే మట్టం నుంచి కిందికి మసకబారి, బూజు పట్టినట్టు చిన్న చిన్న గుంటలు. అతను పంచె కొంగు వేలికి చుట్టి లోపల గట్టిగా రుద్దాడు. కొంగు మీద పెన్సిలుతో గీసినట్టు నల్లని చార పడింది. మంచి తగరం బట్టను ఇట్లా నల్లబరచదు. గోరుతో గీకితే తగరం మొరాయిస్తుంది, ఇది వెన్నలా గీరుకుపోయింది. ఇరవై ఏండ్లు సామాన్లు కొన్న వేళ్ళకు అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

"కళాయి ఎవలు పోసిన్రమ్మా?"

"మూల మీది సాయిలు."

సాయిలును పిలిపించడానికి ఎంతోసేపు పట్టలేదు. కొలిమి మసితో, చేతిలో కళాయి రుద్దే నవాసారం అంటుకున్న గుడ్డతోనే వచ్చాడు. పోలీసును చూసి గడప బయటే నిలబడ్డాడు.

"ఇది తగరమేనా సాయిలూ?"

సాయిలు సర్వ చూశాడు, అమీన్‌ను చూశాడు, మళ్ళీ సర్వనే చూశాడు. "తగరం ఏడుంది సేఠ్? తగరమొచ్చే మలయా దేశం జపానోళ్ళ చేతికి పోయిన కాడికెల్లి దాని మొఖం చూసిందెవలు? ఉన్నది బంగారం ధర చెప్తున్నరు. గిరాకీవాళ్ళనే తెచ్చుకోమంటున్న. తెచ్చినోళ్ళకు పోస్తున్న, తేనోళ్ళకు లేదు."

"ఈ ఇంటికి ఎవలు తెచ్చిన్రు?"

"పోయిన ఎండకాలంల పెద్ద సేఠే ఇచ్చిండు. కొబ్బరికాయంత ముద్ద." అమీన్ కుర్చీలో ముందుకు వంగాడు. సాయిలు గొంతు తడబడింది. "నేను చెప్పిన. మెత్తగున్నది సేఠ్, తిత్తి ఎంత ఊదినా జల్ది కరుగుతలేదు, రాగికి పడుతలేదు అని చెప్పిన. నా దగ్గరున్న చిటికెడు తగరం కలిపితే గాని అంటలే. సేఠేమన్నడు? మెత్తగుంటే నీకే పని తేలిక గాదుర అన్నడు!"

అందరి కళ్ళూ మంచం మీదికి తిరిగాయి.

వైకుంఠం మోచేతి మీద లేవబోయి, కాలు కదిలి, పళ్ళులేని నోటితో గాలి లోపలికి పీల్చుకున్నాడు. "అది... అది చాయ్ పెట్టెలది. పెట్టెల లోపట తెల్లరేకు ఉంటది గదా భాయ్, పత్తకు చెమ్మ తగలకుండ. మా నాయిన కాలం కాడికెల్లి ఒక్క రేకు పారేయలే. మడిచి మడిచి దాచిన. తగరపు రేకు అన్కున్న. తగరానికి ధర పెరిగింది గద, కరిగిస్తే మస్తు పనికొస్తదని..."

"తగరమని ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పాలె? తెల్లగ మెరుస్తది."

పురుషోత్తం చేతిలోని సర్వను అటూ ఇటూ తిప్పాడు. దాచుకున్న దానికి తరుగు ఉండదని నమ్మే వ్యాపారుల జాతి తమది. తన పైగదిలోనూ విరిగిన పిడులు, సొట్ట మూతలు ఒక పెట్టెడు ఉన్నాయి. ఎవరి కోసమని అడిగితే చెప్పడానికి మనిషి లేడు.

"సీసపు రేకు అది వైకుంఠమన్నా. పగలంతా చింతపులుసు దాంట్ల నానితే సీసం ఊరుతది. వరంగల్‌ల నీ బిడ్డ ఇంట్ల ఈ సర్వ లేదు. అందుకే ఆడ నిమ్మళమైంది."

"భగవంతుడా," అన్నాడు వైకుంఠం. గట్టిగా ఊపిరి వదిలాడు. "అంటే ఆమె కాదు. అమీన్ సాబ్, ఆమె కాదు."

అమీన్ మాత్రం లేచి నిలబడ్డాడు. అప్పుడే పురుషోత్తానికి అర్థమైంది, ఎదుటివాడు తెలివి తక్కువవాడు కాదని.

"ఠైరో సేఠ్, ఆగు. సర్వ చెడ్డది, ఒప్పుకున్న. కాని ఈ ఇంట్ల తినే నోళ్ళు రెండు. ఒక నోరు మంచం మీదుంది. రెండో నోటికి ఏం గాలే. ఎందుకు గాలే? ఆ సర్వలది తినలే గనుక. ఎందుకు తినలే? దాంట్లేముందో ఆమెకు ఎరుక గనుక! సాయిలు మెత్తగుంది అని మొత్తుకున్నప్పుడు ఈ తలుపు వెనక ఉండి విన్నదే గదా? విని, రోజూ దాంట్లనే ఒంపింది. చేత్తోని వేసినా, చూసి ఊరుకున్నా విషం విషమే. నడువు, టాంగా కట్టు!"

వెంట వచ్చిన పోలీసు జవాను బయటికి నడిచాడు. తలుపు వెనక గాజులు లేని చేయి గొళ్ళెం పట్టుకున్న చప్పుడైంది.

పురుషోత్తం తూకంలో ఒక పళ్ళెం ఒక్కసారిగా నేలకు తగిలింది. అమీన్ మాటలో పస ఉంది. ఆమె ఆ సర్వలోది తినలేదంటే తన లెక్కంతా పోయినట్టే. తిన్నదంటేనే నిలుస్తుంది.

"సుశీలమ్మా," అన్నాడు తలుపు దగ్గరికి పోయి. "రాత్రి నీ బావ తిన్నంక సర్వల మిగిలింది ఏం జేస్తవ్?"

గొళ్ళెం ఒకసారి కదిలింది. "పారబోస్త."

"ఏడ?"

"కుడితిల."

పెరటి గుమ్మంలో అప్పటికే ఒక మనిషి వచ్చి నిలబడింది. పుష్పమ్మ, గౌలిపురా నుంచి రోజూ పాలు పోసే ఆమె. పాలు పోసి, ఈ ఇంటి కుడితి తన బర్రెలకు ఎత్తుకుపోవడం ఆమె అలవాటు. పోలీసు టాంగా చూసి బిందె చంకలోనే ఉంచుకుని చోద్యం చూస్తోంది.

"పుష్పమ్మా, కుడితిల పులుసు పోస్తరా ఈ ఇంట్ల?"

"పులుసా? ఏం మాట బాపు! పులుపు తగిలితే నా బర్రె మూతి పెడ్తదా? తొమ్మిదేండ్ల సంది ఎత్కపోతున్న, బియ్యం కడుగు, గంజి తప్ప చుక్క పులుసు ఎరుగ."

తలుపు వెనక తెల్లచీర అంచు లోపలికి జరిగింది.

అంతా ఒక్కసారిగా పురుషోత్తం కళ్ళముందు పేర్చుకుంది. విధవరాలు. ఒక్క పూటే తినాలి. మధ్యాహ్నం బావ తిన్నాక, మజ్జిగ, తొక్కుతో ఒక ముద్ద. రాత్రి పొయ్యి చల్లారాక ఆ కడుపు తన ఆకలి ఎవరికీ చెప్పుకోలేదు. రోజూ పొద్దున సర్వ ఖాళీగా, శుభ్రంగా బోర్లించి ఉంటుంది. అందులో మిగిలింది కుడితిలోకి పోలేదు, మోరీలోకి పోలేదు. మరి పోయేది ఎక్కడికి?

అతను తలుపుకు ఇంకా దగ్గరగా వంగాడు. గొంతు ఆమెకు తప్ప వినబడకుండా తగ్గించాడు. "రాత్రి ఆకలైతే తినుడు నేరం గాదు చెల్లె."

లోపలి నుంచి ఏడుపు లేదు. గుసగుస మాత్రమే. "బావకు తెలువద్దు. గల్లీల తెలువద్దు. రెండు పూటలా మెక్కిందంటరు. నన్ను తీస్కపొమ్మనుండ్రి. నేనే చేసిన అంట."

వ్యాపారంలో పురుషోత్తం ఎన్నో చెడ్డ బేరాలు చూశాడు. పరువు కొనడానికి ప్రాణం ధర పెట్టిన బేరం ఇదే మొదటిది. ఆ చీకటి కొట్లో తొమ్మిదేండ్లు కూర్చుని ఈ మనిషి ఆ ధర తనలో తానే ఒప్పుకుంది. బేరం తగ్గించమని చెప్పేవాళ్ళు ఒక్కరూ లేకపోయారు.

"తెలిస్తే పోయేది మాట. తెలువకపోతే పోయేది నువ్వు. నోరు తెరిచి నువ్వేం చెప్పొద్దు చెల్లె, ఉత్త నోరు తెరువు చాలు. పుష్పమ్మ చూస్తది. మొగోళ్ళం ఎవలం రాము."

 వాకిట్లో జవాను గుర్రాన్ని అదిలిస్తున్నాడు. చివరికి గొళ్ళెం జారింది. పుష్పమ్మ బిందె దించి లోపలికి పోయింది. ఆమె మాట బయటికి వినబడుతోంది.

"ఇటు రా తల్లీ, వెలుగుకు రా. కొంగు తియ్యి... ఓ యమ్మ! ఏంది సుశీలమ్మా, గిట్ల పాలిపోయినవ్? రెప్పల లోపట నెత్తురే లేదు గదనే! మొఖం అద్దంల చూస్కోరాదు?"

"అద్దం ఏడుంది," అంది సుశీల.

మొగుడు పోయిన నాడే ఆ ఇంట్లో అద్దాలు ఆమెకు అందకుండా పోయాయి. తన ముఖం ఎట్లా ఉందో ఆమెకే తెలియదు. చూడవలసిన ఒకే ఒక మనిషి చూడకూడని వరస.

"పండ్లు చూపియ్యి. పై పెదవి లేపు."  తరువాత పుష్పమ్మ గొంతు మారింది. "బాపూ... చిగుళ్ళ మీద, పండ్ల మొదట్ల, సుర్మా కాటుకపుల్లతోని గీసినట్టు నల్లని నీలి గీత ఉంది. కిందా మీదా. తోమితే పోయేటట్టు లేదు. రుద్ది చూసిన."

పురుషోత్తం అమీన్ వైపు తిరిగాడు. "విన్నరు గద. డాక్టర్ చెప్పిన గీత. పన్ను లేని నోట్ల దొరకనిది పన్నున్న నోట్ల దొరికింది. రెండో నోరు గూడ ఆ సర్వలదే తిన్నది సాబ్."

"వేలు వాయలే గదా," అన్నాడు అమీన్. కాని ఆ మాటలో ఇందాకటి బలం లేదు.

"ఆడదానికి ఆ వయసుల వాయదు. డాక్టర్‌నే అడుగుండ్రి. నెత్తురు మాత్రం ఇద్దరికీ తగ్గింది. తెలిసి విషం వండినామె తెలిసి తింటదా?"

అమీన్ సర్వను ఒకసారి వెలుగుకు తిప్పి చూశాడు. తరువాత టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఇరవై ఏండ్లల్ల మొదటిసారి," అన్నాడు ఎవరితోనూ కాకుండా. వాకిలి వైపు చూసి, "అరే, గుర్రాన్ని ఆపు," అని కేకేశాడు.

మంచం మీద వైకుంఠం గోడకు తిరిగి పడుకున్నాడు. అతనికి అర్థమైంది. ఎందుకు తిన్నదో, ఎప్పుడు తిన్నదో, ఎవరూ విప్పి చెప్పనక్కర లేకపోయింది.

"ఆకలైతే అడగరాదా," అన్నాడు గోడతో.

"ఎవలిని అడుగుతది సేఠ్?" అంది పుష్పమ్మ లోపలి నుంచి. "గోడనా?"

 పురుషోత్తం సర్వను గుడ్డలో చుట్టాడు. డాక్టర్‌కు చూపాలి. ఇద్దరినీ ఈ టాంగాలోనే శాలిబండకు తీసుకుపోవాలి. లెక్క ముగిసినట్టే. అయినా అతని చేతులు మూట ముడి వేస్తూ ఆగిపోయాయి. సర్వ చిన్నది. దీనికి కళాయి పోయడానికి వక్కంత లోహం చాలు. సాయిలు చెప్పిన ముద్ద కొబ్బరికాయంత.

"సాయిలూ, మిగిలిన ముద్ద ఏదిర?"

"నా దగ్గర లేదు సేఠ్, అమ్మతోడు! మల్ల పెద్ద సేఠ్‌కే ఇచ్చిన."

"వైకుంఠమన్నా?"

వైకుంఠం గోడ నుంచి తల తిప్పలేదు.  దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

అప్పుడు వెనక కొట్టు తలుపు పూర్తిగా తెరుచుకుంది. సుశీల గడప దాటి ముందు గదిలోకి వచ్చింది. కొంగు తలమీద ఉంది కాని ముఖం మీద లేదు. తొమ్మిదేండ్లలో మొదటిసారి బావ ఎదుట నిలబడి, పరాయి మగవాళ్ళ ముందు, వినబడేటంత గట్టిగా మాట్లాడింది.

"దసరాకు దానం ఇచ్చిండ్రన్నా. మన కులపోళ్ళ బోర్డింగు పిల్లలకు. తగరం దొరకక వాళ్ళ గంగాళాలు నల్లబడ్డయంటే, మొత్తం ఇచ్చిండ్రు. పప్పుచారు గంగాళాలకు పోయించిన్రు." ఒక్క క్షణం గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. "నిన్న ఆ వంటాయన చింతపండుకు వచ్చి, పెరట్ల నిలబడి చెప్పిండు. పిల్లలు కడుపులు పట్టుకొని ఏడుస్తున్నరంట. చిన్నోళ్ళు ఇద్దరికి నిన్న పొద్దటికెల్లి ఫిట్స్ వస్తున్నయంట."